పాలిగార్ : ఆంగ్లమునఁ జేరిన పాళెగాఁడు

1861వ సంవత్సరమున లండను నగరమునందలి ప్రీవీ కౌన్సిలు న్యాయాధిపతులు చిత్తూరుసీమకుఁ జెందిన యొక దావాను విచారించిరి. నరగంటి పాళెము, మృతుఁడైన పాళెగాని భార్యకుఁ జెందవలసినదా, లేక అవిభక్తకుటుంబమున మిగిలిన దాయాదికిఁ జెందవలసినదా యనునది వివాదము. దానిని దీర్చుటకు ముందుగా వారికొక పదార్థనిర్ణయము కావలసివచ్చెను. పాళెమన నేమి? పాలిగార్ అన నెవఁడు? ఆ న్యాయాధిపతులలో నెవ్వరును నరగంటిని జూచినవారు కారు. తెలుఁగు నెఱిఁగినవారును గారు. కావున వారు, విల్సను పండితుఁడు 1855లోఁ బ్రకటించిన న్యాయశిస్తువ్యవహారపదకోశమును దెఱచి, అందలి యర్థమును దమ తీర్పునఁ జేర్చుకొనిరి. ఒక తెలుఁగుమాట ఆంగ్లమునకుఁ బోయి, అచ్చట నొక యర్థమును సంపాదించుకొని, ఆ యర్థముతోఁ దిరిగి పుట్టినసీమకు వచ్చి యొక సంస్థానపు వారసత్వమును దీర్చుటకుఁ దోడ్పడిన విధమిది. ఆ మాట చరిత్రము పదశాస్త్రము నభ్యసించువారికిని, దేశచరిత్రము నభ్యసించువారికిని గూడ విచారింపఁదగినది.

పాలిగార్ అను నాంగ్లపదము నేఁడు వాడుకనుండి తొలఁగినది. చరిత్రగ్రంథములయందును, పాత రికార్డులయందును, పెద్ద నిఘంటువులయందును మాత్రమే కనఁబడును. దీనినిగుఱించి మొదట శ్రద్ధతో విచారించినవారు యూలు, బర్నెలు అనువారు. 1886లో వెలువడిన వారి యాంగ్లోయిండియను పదకోశము ‘హాబ్సన్ జాబ్సన్’ అను వింతపేరఁ బ్రసిద్ధము. 1903లోఁ గ్రూకు దానిని బెంచి పునర్ముద్రించెను. బర్నెలు చెన్నపురి రాజధానిలో నుద్యోగము చేసినవాఁడు, సంస్కృతమునందును ద్రావిడలిపులయందును గట్టివాఁడు. గ్రంథము వెలువడుటకు నాలుగేండ్లు ముందే, 1882లో, మృతినొందెను. ఈ పదము చెన్నపురి రాజధానికే ప్రత్యేకమైనదని వారు వ్రాసినది సత్యము. ఆ రాజధానిలోఁ గూడ నంతటను లేదు. గోదావరికి ఉత్తరమున విశాఖపట్టణము, గంజాము సీమలలోఁ గొండదొరలున్నను వారిని మన్నెవారనియు, ముఠాదారులనియు వ్యవహరించిరి గాని పాలిగార్లనుట యరుదు. కడప, బళ్లారి, చిత్తూరు, నెల్లూరు, ఆర్కాటు, మధుర, తిరునెల్వేలి, మైసూరు ఈ పదమునకుఁ దావులు. అనఁగా విజయనగరసామ్రాజ్యపు దక్షిణభాగమే దీని క్షేత్రము.

ఇఁక మూలపదము. పాళెమనఁగా మొదట సేన విడిసిన చోటు. పాళెము విడియుట, పాళెము దిగుట యను ప్రయోగములు సేనావిషయమున సుపరిచితములు. అరవమునఁ బాళైయమ్, కన్నడమునఁ బాళెయ లేక పాళ్య, తెలుఁగునఁ బాళెము. సేన విడిసినచోట క్రమముగా నూరు పుట్టును. అందుచే పాళెమునకు పల్లె యను నర్థము వచ్చెను. సేనతోఁ గొలువు చేయు నాయకునకు ఆ చుట్టుపట్టుల భూమి యిచ్చిన నదియు పాళెమే యగును. ఇది మూఁడవ యర్థము. చిత్తూరు, నెల్లూరు సీమలలో గ్రామనామములు పాళెమని ళకారముతో ముగియఁగా, కృష్ణా గుంటూరు సీమలలోఁ బాలెమని లకారముతో ముగియుట చూడవలెను. ఎఱ్ఱావారిపాళెము, బంగారుపాళెము చిత్తూరుసీమవి. ళకారమే మూలమనుటకు అరవకన్నడములు సాక్షులు. ఆంగ్లలిపిలో ళకారము లేదు గనుక, పాలిగార్ అను రూపమును జూచి తెలుఁగునఁ గూడ లకారమే సాధువని వాదించుట తలక్రిందైన వాదము.

సంస్కృతాభిమానముగల కొందఱు పాళెమును ‘పాల రక్షణే’ యను ధాతువునుండి సాధింపఁజూతురు. పాళెగాఁడు పాలించువాఁడు గదా, దేశకావలి వానిదే గదా యని వారి యుపపత్తి. అర్థము సొంపుగానే యున్నది. కాని శబ్దము పొసఁగదు. ధాతువునందున్నది లకారము, దానికి మూఁడుభాషలలోఁ గూడ నిత్యముగా ళకారము రావలసిన హేతువు కనఁబడదు. అంతకంటె ముఖ్యముగా, పదమునకుఁ దొలియర్థము విడిదియే కాని రక్షణము కాదు. రక్షించుట పాళెగాని పని గాని పాళెము పని గాదు. పాళెగాని పనినిఁ బట్టి పాళెమునకు వ్యుత్పత్తి చెప్పుట, కొడుకును జూచి తండ్రికిఁ బేరుపెట్టుట వంటిది. పాలికాఁపు, పాలేరు అనుపదములతో దీనిని గలుపుటయుఁ దగదు. అవి పాలు, అనఁగా భాగము, అను మాటనుండి వచ్చినవి. వాటియందు ళకారప్రసక్తియే లేదు.

ఉత్తరభాగము కాఁడు అను ప్రత్యయము. విలుకాఁడు, వేఁటకాఁడు, చెలికాఁడు అనుచోట్లఁ గకారము నిలిచినది. మొనగాఁడు, అందగాఁడు అనుచోట్ల గకారమైనది. పాళెగాఁడు రెండవ తెగలోనిది. దీనిని సంస్కృతపుఁ గారశబ్దముతో నభేదముగాఁ జెప్పుట పండితులలో వాడుక. కుంభకార, స్వర్ణకార శబ్దములతో సామ్యము లేకపోలేదు. అరవపుఁ గారన్, కన్నడపుఁ గార, గార ప్రత్యయములు రేఫముతోనే యున్నవి. కాని తెలుఁగునఁ గాఁడు నందు అర్ధబిందువు గలదు. బహువచనమునఁ గాండ్రు అని నిండుసున్న స్పష్టముగా వినఁబడును. సంస్కృతపు రేఫము డకారమగుటకు దారి చెప్పవచ్చును. నడుమ ననునాసికము వచ్చుటకు దారి చెప్పుట కష్టము. వాఁడు, వీఁడు మొదలగు మహద్వాచకముల ముగింపు ఇందుఁ గలిసినదనుట యుక్తతరము. స్త్రీవాచకమున గత్తె యగుటయు నీ ప్రత్యయము దేశీయమార్గమున నడచినదనుటకు గుఱుతు.

ఇచ్చటనే యాంగ్లపదమునుగుఱించిన చిక్కు పుట్టుచున్నది. పాళెగాఁడు మూలమైనచో నాంగ్లమునఁ జివర డకారము నిలువవలెను, నిలిచినది రేఫము. అరవపు పాళైయక్కారన్ మూలమైనచో నడుమ ద్విత్వకకారము ఆంగ్లమునఁ గకారముగా నుండవలెను, ఉన్నది గకారము. యూలు బర్నెలులు ఈ చిక్కును గమనించియే, అరవమును విడిచి, తెలుఁగు పాళెగాఁడు గాని మహారాష్ట్రపు పాళేగార్ గాని యాంగ్లమునకు మూలమై యుండునని నిర్ణయించిరి. వారు కన్నడమును లెక్కింపకపోవుట యాశ్చర్యము. కన్నడమునఁ బాళెయగార, పాళేగార అను రూపములు గలవు. గకారరేఫములు రెండును నందే కూడియున్నవి. మహారాష్ట్రులు కర్ణాటకమునకు వచ్చినది పదునేడవ శతాబ్దిలో, బిజాపురసేనలతో. పాళెగాండ్రతోఁ బొత్తును వైరమును వారికచ్చటనే కలిగినవి. కావున మహారాష్ట్రరూపమే కన్నడమునకు ఋణపడినదని చెప్పుట న్యాయము.

అయినను తెలుఁగును బూర్తిగాఁ ద్రోసివేయరాదు. తెలుఁగు డకారము పారసీలేఖకుల కలమున రేఫముగా మాఱి యాంగ్లమునకుఁ బోవుట కలదు. కొండవీడు ఆంగ్లేయుల పాతగ్రంథములయందుఁ గొండవీర్ అయినది. ఈ యొక్క యుదాహరణమే చాలును. ఆర్కాటు నవాబు కచ్చేరి వ్రాఁతలు పారసీలో నడచెను. కంపెనీవారు పాళెగాండ్రనుగుఱించి తెలిసికొన్నదానిలోఁ బెద్దభాగము ఆ వ్రాఁతలనుండియే. పారసీలో సౌదాగర్, కారీగర్ అను పదములందలి గర్ ప్రత్యయము పనిచేయువానిని దెలుపును. మున్షీ చెవికి పాళెగాఁడు అట్టి యింకొక పదముగా వినఁబడుట సహజము. కావలికాఁడుకూడ నాంగ్లరికార్డులలోఁ గావెల్గార్ అయినది. కనుక నొక్కభాషకే మూలత్వము గట్టిపెట్టుటకంటె, పశ్చిమమునఁ గన్నడపు పలుకుబడియు, తూర్పునఁ దెలుఁగుమాటపైఁ బారసీ వ్రాఁతయు నొకేరూపమునకుఁ దెచ్చినవనుట సమంజసము. చిత్తూరుసీమ యీ రెంటికిని నడిమిసీమ. పుంగనూరు, పలమనేరు, కుప్పము కన్నడపు పొలిమేరలు. చంద్రగిరి, చిత్తూరు ఆర్కాటు కచ్చేరికిఁ జేరువలు.

మొదటి యచ్చునకు వచ్చిన మార్పు చిన్నది. దీర్ఘాకారమును ఆంగ్లేయులు తఱచుగా ఓకారచ్ఛాయతో విని వ్రాసిరి. కార్వేటినగరపు బొమ్మరాజుపాళెము వారి వ్రాఁతలో బొమ్‌రాజు కాక ‘బొమ్‌రాజ్’, ‘బొమ్‌రౌజ్’ అను పలుకులకుఁ దగినట్లు కనఁబడును; రాజశబ్దమునందలి ఆకారమే యచ్చట ఔకారమైనది. పాళెము ‘పొల్లమ్’, ‘పొల్లియమ్’ అయినదియు నిట్లే. నడుమ నున్న ఎకారము కొందఱి వ్రాఁతలో ఇకారము, కొందఱి వ్రాఁతలో గ్రీకుపదములందు వచ్చు వై అక్షరము. ఈ రెండవ విధము చూచినవారికి బహుత్వమును దెలుపు గ్రీకుపూర్వపదము తోఁచును. పాళెగానికిని గ్రీకునకును సంబంధమేమియు లేదు.

ఆంగ్లేయులు ఈ మాటను మొదటినుండియు వాడలేదు. 1639లోఁ జెన్నపట్టణపు నేలను వారికిచ్చిన దామెర్లవారు వారి దృష్టిలో నాయకులు, అనఁగా వారి పలుకున ‘నాయిక్’లు. కాళహస్తి జమీందారులు తరువాతి కాలమున ఆ దామెర్లవారే. చంద్రగిరి రాజులు ప్రభువులుగా నున్నంతకాలము క్రిందివారు నాయకులు. ఆ ప్రభుత్వము నశించి, గోలకొండసేనలును బిజాపురసేనలును, పిదప మొగలాయిలును వచ్చిన తరువాత, పదునేడవ శతాబ్ది చివర, చెన్నపట్టణపుఁ గోట రికార్డులలోఁ బాలిగార్ శబ్దము కనఁబడఁజొచ్చెను. మనుష్యులు వారే, భూమి యదే. పైనున్న రాజు పోవుటచే నాయకుఁడు పాలిగార్ అయ్యెను. నాయకశబ్దమునందు సేవ్యసేవకభావమును, రాజగౌరవమును గలవు. పాలిగార్ శబ్దమునందు, ఆంగ్లేయుల చెవికి, అడవియు, కోటయు, దారిదోపిడియు మాత్రమే వినఁబడెను.

ఆర్ము వ్రాసిన యుద్ధచరిత్రము ఈ యర్థమును స్థిరపఱచినది. దాని మొదటి సంపుటము 1763లోను రెండవది 1778లోను వెలువడినవి. అందు వెంకటగిరి బంగారు యాచమనాయఁడును, కాళహస్తి దామెర్ల వెంకటప్పనాయఁడును, బొమ్మరాజును ఉత్తరదిక్కు పాలిగార్లుగా మరలమరలఁ గనఁబడుదురు. నవాబు తిరుపతి దేవస్థానపు టాదాయమును కంపెనీ ఋణమునకై వ్రాసియిచ్చుటచే ఆంగ్లేయులకుఁ దిరుపతిదారులు ప్రాణప్రాయములయ్యెను. ఉత్సవదినములలో యాత్రికులు సమర్పించు కానుకలు చెన్నపట్టణమునకుఁ జేరవలెనన్నఁ బాళెగాండ్ర కొండకనుమలు దాఁటవలెను. 1750 తరువాతఁ బదేండ్లలోఁ దిరుపతికొఱకు జరిగిన పోరాటములలో వీరు ఒకప్పు డొకప్రక్కను, ఇంకొకప్పు డింకొకప్రక్కను నిలిచిరి. పెక్కుసారులు ఏ ప్రక్కను నిలువక చూచుచుండిరి. ఆర్మునకు ఇది కపటముగాఁ దోఁచెను. నవాబు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు, మహారాష్ట్రులు నలువురును గప్పము కోరుచుండఁగా చిన్నదొరకు వేఱు మార్గమేదియో యాతఁడు చెప్పలేదు.

ఆంగ్లమున నీ పదమునకు మఱి రెండర్థములు కలిగినవి. కొందఱు సేనానులు పాళెగానినే కాక వాని బంట్లనుగూడఁ బాలిగార్లనిరి. హైదరాలి యుద్ధకాలపు వ్రాఁతలలో వేలకొలఁది పాలిగార్లు కనుమలు సవరించిరనినచో నవి దొరల సంఖ్యలు కావు, తుపాకియు నీటెయుఁ బట్టిన బోయలు మొదలగువారి సంఖ్యలు. చరిత్రము వ్రాయువారు ఈ భేదమును గమనింపనిచో దేశమంతయు దొరలతో నిండిపోవును. రెండవ యర్థము శునకవిషయము. దక్షిణదేశమున నడవిపందుల వేఁటకై పెంచిన, పొట్టివెండ్రుకల పెద్దకుక్కజాతిని ఆంగ్లేయులు పాలిగార్ కుక్క యనిరి. మైసూరుసీమలోఁ బుట్టిన కథలలోను, వేఁటపుస్తకములలోను దొర పోయి కుక్క మిగిలినది. పుంగనూరు సంస్థానము పేరును పొట్టిపసరములు మోయుచుండుట యిట్టిదే. పశువులు రాజ్యములకంటెఁ జిరంజీవులు.

సంస్థానములవారు తమ్ముఁ దాము పాళెగాండ్రమని చెప్పికొన్న వాడుక లేదనుట ముఖ్యమైన యంశము. నరగంటివారు నాయనివారు, కార్వేటినగరమువారు రాజులు, కాళహస్తివారు నాయనింగారలు, పుంగనూరువారు చిక్కరాయలవారు. తెలుఁగునఁ గాఁడు ప్రత్యయము మహదేకవచనము, గౌరవము లేనిది. వేఁటకాఁడు వేఁటకాఁడే కాని వేఁటకాఁడుగారు కాఁడు. పాళెగాఁడని పిలుచువాఁడు పైవాఁడో, పరాయివాఁడో, పగవాఁడో కావలెను. క్రిందివాఁడు దొర యనును. ఆంగ్లేయులు ఈ తారతమ్యము నెఱుఁగక, పరాయివాఁడు పిలిచిన పిలుపునే బిరుదముగాఁ జేసి, లేఖలలోఁ బేరునకుఁ జివర వ్రాసిరి. పాలిగార్ నందలి గార్, తెలుఁగు గౌరవవాచకమైన గారు అని కొందఱు భ్రమింతురు. ఆ గారు పేరునకును, బంధువాచకమునకును జేరును, పాళెమునకుఁ జేరదు. పాళెముగారు అనునది తెలుఁగు కాదు. అయినను ఈ సామ్యమే, అగౌరవమైన మాటను గౌరవముగా వినఁబడఁజేసి, పలువురు దానిని సహించుటకుఁ గారణమై యుండును.

1792 నాఁటి సంధిచేఁ గర్ణాటకపు పాళెగాండ్రవద్ద పేష్కష్ వసూలుచేయు నధికారము కంపెనీకి వచ్చెను. 1800లో నిజామునుండి దత్తమండలములు, 1801లో నవాబునుండి కర్ణాటకము చేరినవి. దత్తమండలములలో మన్రో దొర యెదుర్కొనిన పాళెగాండ్రు సుమారు 80 మంది. ఆతఁడు 1802 మార్చిలో వారినిగుఱించి నివేదిక వ్రాసి, ఒక్కొక్కరి పూర్వోత్తరములను, ఏలిన గ్రామములను, చెల్లించిన కప్పమును వివరించెను. అందలి ముఖ్యఫలమేమనఁగా, పాలిగార్ అను నొక్కపేరి క్రింద వేఱువేఱు పుట్టుకలవారు గలరని తేలుట. రాయలవలన నమరము పొందినవారు కొందఱు, గ్రామాధికారులై బలసినవారు కొందఱు, కావలివారై హెచ్చినవారు కొందఱు. ఇంత తెలిసికొన్నవాఁడును వారిని శిస్తుకట్టు రైతులుగానో పింఛనుదారులుగానో మార్చుటయే తగునని నిశ్చయించెను. మదనపల్లె, వాయల్పాడు సీమలు అప్పుడు ఆ దత్తమండలములలోని కడపలోనివి.

ఆ 1802వ సంవత్సరమందే చెన్నపురి ప్రభుత్వము 25వ రెగ్యులేషనుచే శాశ్వతపరిష్కారమును దెచ్చెను. వెంకటగిరి, కాళహస్తి, బొమ్మరాజుపాళెము, సైదాపురము అను నాలుగు సంస్థానములు అంతకుముందు రికార్డులలోఁ బశ్చిమపాలిగార్ల సంస్థానములు. సన్నదులు పొందిన పిదప వారు జమీందారులు. ఒక్కకాగితము వచ్చి పదము మాఱెను. పదముతోఁగూడ స్థితి మాఱెను. జమీందారనఁగా హక్కుగలవాఁడు, పాలిగారనఁగా హక్కు తేలనివాఁడు అను భేదము కచ్చేరులలో నిలిచెను. బంగాళమునుండి వచ్చిన పారసీపదము మర్యాదకును, చెన్నపురిలోఁ బుట్టిన దేశ్యపదము అనుమానమునకును గుఱుతులైనవి.

చిత్తూరు పాళెములు పది ఈ మర్యాద నప్పుడు పొందలేదు. నరగంటి, కల్లూరు, పాకాల, పులిచెర్ల, మొగరాల, బంగారి, తుంబ, గుడిపాటి, కృష్ణాపురము, కరకంబాడి యని వాటి పేరులు. ఇవి చంద్రగిరికిఁ బడమటను దక్షిణమునను గొండసందులలో నుండునవి. కరకంబాడి మాత్రము తిరుపతికిఁ దూర్పున, రేణిగుంటదారిలో నున్నది. కలెక్టరు స్ట్రాటను వీరి కావలిరుసుములను దీసివేసి, బంట్లను దగ్గించి, కప్పమును హెచ్చింపఁబూనెను. కట్టుబడి బంట్లకు జీతము భూమి. భూమి పోయిన వారికి బ్రదుకు లేదు. పాళెగానికి బంట్లు పోయినఁ బాళెమునకే యర్థము లేదు. ఏలయన సేన విడిసినదే కదా పాళెము. 1804లో చిత్తూరుసీమ తిరుగఁబడెను. కంపెనీ సేనలు వచ్చి, అడవులు నఱకి, కోటలు కూల్చి, మఱుసటి యేఁటికి దాని నణఁచినవి. పాళెములు దొరతనపు వశమైనవి. కొన్ని తరువాతఁ దిరిగి యీయఁబడినవి. కాని సన్నదులు వెంటరాకపోవుటచే, చిరకాలము అవి పరిష్కారము కాని పాళెములను పేరనే రికార్డులలో నుండెను. కాళహస్తివారు జమీందారులైన తరువాతఁ గూడ నరగంటివారు పాలిగార్లుగానే మిగులుటకుఁ గారణమిదియే.

విల్సను కోశమునందలి యర్థము ఈ చరిత్రపు సారము వంటిది. అడవులను గొండలను ఆక్రమించిన చిన్నదొరలు, పైరాజునకుఁ గప్పమును గొలువును ఋణపడియు నరుదుగాఁ దీర్చినవారు, ఇంచుమించు స్వతంత్రులు, కంపెనీ దేశమును లోఁగొన్న పిదప నెమ్మదిగల భూస్వాములైనవారు. విల్సను మేఘదూతమును, విష్ణుపురాణమును ఆంగ్లీకరించిన సంస్కృతవిద్వాంసుఁడు. ఆతని యుద్యోగము కలకత్తాలో. తెలుఁగుసీమతో నాతనికిఁ గల పరిచయము మెకంజీదొర సేకరించిన కైఫీయతుల పట్టికను 1828లోఁ బ్రకటించుట. ఆ కైఫీయతులను గూర్చుటకు ఊరూర తిరిగినది కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుఁగువారు. కరణములు చెప్పిన పాళెగాండ్ర కథలు వారి కాగితములలోఁ గలవు. అందుఁ బాళెగాఁడు కోట కట్టించినవాఁడు, చెఱువు త్రవ్వించినవాఁడు, అగ్రహారమిచ్చినవాఁడు కూడ. కోశములోనికి వచ్చునప్పటికి చెఱువులు జాఱిపోయి యడవులు మిగిలినవి.

న్యాయాధిపతులు ఆ యర్థమునుండి రాఁబట్టిన నిర్ణయము మాత్రము పాళెగానికిఁ బ్రతికూలము కాదు. చిన్నదొర యైనను దొర గనుక పాళెము రాజ్యము వంటిది. రాజ్యము వంటిది గనుక విభాగమునకుఁ దగదు. కుటుంబమున నొక్కఁడే దాని ననుభవించి పాలిగార్ అనిపించుకొనును. తక్కినవారికి జీవనభృతి చెల్లవలెను. రాజ్య మవిభాజ్యమను ధర్మము ఈ దేశపు పండితులకుఁ గ్రొత్త గాదు. చిక్కెచ్చటననఁగా, విభాగము లేనిచోట అవిభక్తత్వమునకు అర్థమేమి యనుట. మితాక్షరమతమున భర్త విభక్తుఁడై, మరల సంసృష్టుఁడు గాక, పుత్రహీనుఁడై మరణించినయెడలఁ బత్ని దాయమును బొందును; అవిభక్తుఁడైనచో దాయాదులు పొందుదురు, ఆమెకు భృతి మాత్రము. పాళెము పంచరానిది గనుక దాయాదులకు అందు స్వత్వమే లేదని యొక వాదము. పంచరానిదైనను అది కుటుంబధనమే యని రెండవ వాదము. ప్రీవీ కౌన్సిలు రెండవ వాదమును గైకొనెను. నరగంటి పాళెము దాయాదికిఁ జెందెను. పిమ్మట నఱువదేండ్లవఱకును, అవిభాజ్యసంస్థానముల వారసత్వమునుగుఱించి వ్యాజ్యము వచ్చినప్పుడెల్ల హిందూస్థానపు నలుమూలల న్యాయవాదులు నరగంటి దావాను బేర్కొనుచువచ్చిరి. 1921 నాఁటి యొక ప్రసిద్ధమైన తీర్పునందును దానికిఁ బ్రమాణత్వము నిలిచినది. నరగంటి యెచ్చటనున్నదో తెలియనివారు సయితము దాని పేరును వల్లించిరి.

ఈ తీర్పునందు గమనింపవలసిన పదవిశేష మొకటి గలదు. రాజ్యముతోఁ బోలిక రాఁబట్టుటకుఁ గోశమునందలి స్వాతంత్ర్యాంశము పనికివచ్చెను. అదే స్వాతంత్ర్యము 1804లో నేరము. కప్పమీయని స్వతంత్రుఁడని పాళెగానిఁ గోటనుండి వెడలఁగొట్టిన మాటయే, అఱువదేండ్లకు పిదప, స్వతంత్రుఁడైన దొర గనుక వాని సంస్థానమును ముక్కలు చేయరాదనుటకు ఆధారమైనది.

పందొమ్మిదవ శతాబ్ది నడుమనే యాంగ్లమున నీ పదము పాతవడసాగెను. 1846లోఁ గోయిలకుంట్లసీమలోఁ దిరుగుబాటు చేసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని దొరతనపువారు పింఛను పొందు పూర్వపు పాలిగార్ల వంశీయుఁడనిరి. 1847 ఫిబ్రవరిలో నాతని నురితీసిరి. అతనితో పదమునందలి భయము తీరెను. 1911లోఁ జిత్తూరు ప్రత్యేకజిల్లా యగునప్పటికి రికార్డులలో జమీందారులును మిట్టాదారులును నుండిరి గాని, పాలిగార్లు వెనుకటి కాగితములలో మాత్రమే యుండిరి. 1948 నాఁటి చెన్నపురి యెస్టేటుల రద్దు శాసనముతో ఆ సంస్థానములే పోయినవి.

తెలుఁగున నీ పదముగతి వేఱు. ఆంగ్లమునఁ జచ్చినది తెలుఁగున బ్రదికి యుండుటే కాక, ఆంగ్లపురూపముతోఁ దిరిగి వచ్చినది. పాఠ్యపుస్తకములలో నేఁడు పాలెగార్లు అని వ్రాయుదురు. ఇందు లకారము కోస్తాసీమది. రేఫము కన్నడముననో పారసీవ్రాఁతలోనో పుట్టినది. లువర్ణము తెలుఁగు బహువచనము. బళ్లెములు, గుఱ్ఱములు లేకుండఁగనే మూఁడుసీమలు తిరిగివచ్చిన పదమిది. దీనిని తప్పని కొట్టివేయుటకు వీలులేదు. రాయలసీమ వాడుకలోఁ బాళేగారనుట చిరకాలమునుండి కలదు, వ్యవహారము దాని నంగీకరించినది. గ్రంథభాషకు మాత్రము పాళెగాఁడు, పాళెగాండ్రు అనునవే రూపములు. విద్యార్థి రెంటిని ఎఱిఁగియుండుట మేలు. ఒకటి యెఱిఁగి రెండవదానిని వేఱుపదమని తలఁచి, పాళెగాండ్రు తెలుఁగుదొరలనియు పాలిగార్లు అరవదొరలనియు వ్రాసిన సందర్భములు లేకపోలేదు.

చిత్తూరునుండి పలమనేరునకుఁ బోవు త్రోవలో బంగారుపాళెమున్నది. దొరతనపు రికార్డులలోని బంగారి పొల్లియమ్ అదియే. చిత్తూరు పాళెములు పదింటిలోఁ బాళెశబ్దమును దన పేరున నేఁటికిని వదలక నిలుపుకొన్నది యీ యూరు. దానిని బలుకువారు బంగారమును దలఁతురు. పాళెమునకు సేన విడిది యని యర్థమనుట ఎవరికిని తట్టదు.